దూది మంచు కన్నా నారుమడి మేలు

(తెర మీద: నీళ్లు నిలిచిన నారుమడి, వెనుక మబ్బు పట్టిన ఆకాశం.)

డిసెంబరు వచ్చిందంటే నెల్లూరు, ఒంగోలు చర్చీలలో బయట వాయుగుండం వాన కురుస్తుండగా, లోపల యువజనులు క్రిస్మస్ చెట్టు కొమ్మల మీద దూదిని మంచులాగా పరుస్తూ కనిపిస్తారు. దూది మీద నాకు కోపం లేదు గాని, మనకు అసలైన చలికాలమే లేదు గనుక ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలు క్రీస్తు రాకడ కోసం ఎదురుచూసే కాలం) నిరీక్షణను మన ప్రకృతిలో చూడలేమని ఆ దూదిని సమర్థిస్తూ చెప్పే మాట నన్ను ఏటా చికాకు పెడుతోంది.

మంచు, చీకటి, వాటి మధ్య వెలిగే కొవ్వొత్తి అనే ప్రతీకలు ఉత్తర ఐరోపాలో పుట్టినవి. డిసెంబరు 21 ప్రాంతంలో లండనులో పగలు 8 గంటలైనా ఉండదు; అదే రోజు నెల్లూరులో సుమారు 11 గంటల 15 నిమిషాల పగలు ఉంటుంది. పైగా మన అక్షాంశంలో సూర్యాస్తమయం నవంబరు చివరి నుంచే మెల్లగా ఆలస్యం కావడం మొదలవుతుంది, సూర్యోదయం మాత్రం జనవరి మూడో వారం దాకా ఆలస్యమవుతూనే ఉంటుంది. కాబట్టి ఈ రోజుతో చీకటి ఓడిపోయిందని వేలు పెట్టి చూపడానికి మనకు తేదీ దొరకదు.

మనకు దొరికేది నారుమడి. గోదావరి జిల్లాలలో డిసెంబరు అంటే కోతలు, కుప్పలు. నెల్లూరులో మాత్రం ఏడాది వానలో సగానికి మించి అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే కురుస్తుంది గనుక, అప్పటికి మన రైతు నారు పోసి, నాట్లకు కయ్య (వరి మడి) దమ్ము చేసుకుంటూ ఉంటాడు. విత్తన వడ్లను ఒక రోజు నానబెట్టి, మరొక రోజు గోనెసంచిలో మండె కడతారు. ఆ చీకటిలో, ఆ వెచ్చదనంలో గింజ పగిలి తెల్లని మొలక బయటికి వస్తుంది. యెష్షయి (దావీదు రాజు తండ్రి) మొద్దు నుండి చిగురు పుట్టునని యెషయా 11వ అధ్యాయం ఆగమన కాలంలో చదివేటప్పుడు, మండె విప్పి చూసినవాడికి వేరే వ్యాఖ్యానం అవసరం లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు బేత్లెహేముకు వెళదాం. అక్కడ వేసవి అంతా చినుకు ఉండదు. అక్టోబరు, నవంబరులలో తొలకరి పడ్డాకే దున్ని, యవలు, గోధుమలు విత్తుతారు, యూదుల పస్కా పండుగ నాటికి యవలు కోతకు వస్తాయి. బైబిలులోని రూతు పరిగె ఏరుకున్నది ఆ యవల పొలాలలోనే. ప్రభువు రాకడ వరకు ఓపిక పట్టండని చెబుతూ యాకోబు తన పత్రికలో తొలకరి, కడవరి వానల కోసం కనిపెట్టే రైతును చూపించింది ఈ పంటకాలాన్ని ఎరిగే. నవంబరు, డిసెంబరులలో విత్తనం, మార్చి, ఏప్రిల్‌లలో పంట, అంటే ఆగమన కాలంలో మొలక, ఈస్టరు ప్రాంతంలో కోత. ఈ లెక్కన బైబిలు నేలకు దగ్గరగా ఉన్నది మన పెన్నా ఆయకట్టు. మంచు దేశాలు చాలా దూరం.

నారు నాటుకు రావడానికి ఇంచుమించు నాలుగు వారాలు పడుతుంది, ఆగమన కాలం కూడా అంతే. ఇది కాకతాళీయమే, దీనిని ప్రవచనంగా మార్చవద్దని ప్రసంగీకులకు నా మనవి. అయితే నవంబరు నుంచే వరుసగా సెమీ క్రిస్మస్‌లు (ముందస్తు క్రిస్మస్ వేడుకలు) జరిపి కేకులు కోసేయడం నారు పోయకుండానే కోతకు కొడవలి పట్టడం వంటిదని మాత్రం చెప్పక తప్పదు.

నారుమడి మనకు హామీ పత్రం రాసి ఇవ్వదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు జిల్లాలో నారుమళ్లు నీట మునిగాయి. అది ఆగమన కాలపు మొదటి వారం. మునిగిన మడిని చూసి, అప్పు లెక్క తెలిసి కూడా, మళ్లీ వడ్లు నానబెట్టేవాడి మనసును నేను నిరీక్షణ అంటాను. అంతా మంచే జరుగుతుందని నవ్వుతూ చెప్పే మాటకు ఆ బరువు ఉండదు.

ఒంగోలు ప్రార్థన కొండ కూడా ఇటువంటి నారుమడే, అక్కడి ప్రార్థనకు పంట ఏళ్ల తరువాత గాని రాలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో అక్కడ ప్రార్థించారు. అదే మిషను పంపిన క్లౌ దొర ఒంగోలు చేరింది 1866లో. గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందింది 1878 జులై 3న. మధ్యలో వచ్చిన ఘోర కరువును వదిలేసి ఈ కథ చెప్పడం సరికాదు, కానీ ఆ సంగతికి వేరే వీడియో కావాలి.

సమయం అయిపోతోంది గనుక మిగిలినవి త్వరగా చెబుతాను. పాత నెల్లూరు జిల్లాలోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో ఈ వానలకు చెరువు నిండితేనే నీటిలో నిలిచిన కడప అనే చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. ఆదివారం బడి పిల్లలను అక్కడికి తీసుకువెళ్లండి. చర్చిలో దూదికి బదులు, మొదటి ఆగమన ఆదివారానికి రెండు రోజుల ముందు గుప్పెడు వడ్లు నానబెట్టి, మండె కట్టి, ఆ ఆదివారం మట్టి పళ్లెంలో చల్లి వేదిక దగ్గర ఉంచండి. క్రిస్మస్ ఆరాధన కాగానే ఆ నారును సంఘంలో కయ్య ఉన్నవారికి ఇవ్వండి. ఏ రకమని అడుగుతారు గనుక ముందే చెబుతున్నాను: నెల్లూరు మసూరి అయినా, మరే విత్తన వడ్లయినా సరే, పట్టణం పిల్లలు బియ్యం చల్లకుండా చూసుకోండి, అవి మొలవవు.