కవి చివర్లో మాట్లాడాలి

సభకు నమస్కారం.

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా కవిసమ్మేళనం తరచూ ఒకే తీరున నడుస్తుంది. కవి మైకు అందుకుని 'ఈ కవిత నేపథ్యం ఏమిటంటే' అని మొదలుపెడతాడు. నాలుగు నిమిషాల నేపథ్యం, రెండు నిమిషాల కవిత. ఆ తర్వాత శ్రోతకు చప్పట్లు కొట్టడం తప్ప వేరే పని ఉండదు. 'నేను రాసిందొకటి, వీళ్ళు తీసే అర్థం ఇంకొకటి' అని నొచ్చుకునే కవులు మనలో చాలామందే ఉన్నారు. పది అర్థాలు వస్తే రానివ్వండి. వాటిని నోరెత్తనివ్వకుండా గోష్ఠి నడపడమే అసలు లోపం.

మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసిన పెద్దలు, ఈ సంగతి ఎప్పుడో తేల్చారు. మమ్మటుడు కావ్యప్రకాశంలో 'గతోఽస్తమర్కః', పొద్దు గూకింది, అన్న చిన్న వాక్యం తీసుకుంటాడు. అదే మాట ఒకరికి శత్రువు మీద పడే అదను. పశువుల కాపరికి మందను ఇంటికి తోలుకెళ్ళే వేళ. పనిలో ఉన్నవాడికి పని ఆపే వేళ. ఎదురుచూసే ఆమెకు ప్రియుడు వచ్చే వేళ. వాచ్యార్థం, అంటే మాట నేరుగా చెప్పేది, అందరికీ ఒకటే. వ్యంగ్యార్థం, అంటే దాని వెనక స్ఫురించేది, మాత్రం వినేవారిని బట్టి మారుతుంది.

మన తిక్కన దగ్గరికి వద్దాం. విరాటపర్వంలో సైరంధ్రి, అంటే మారువేషంలో ఉన్న ద్రౌపది, కీచకుణ్ణి హెచ్చరించే 'దుర్వారోద్యమ' పద్యం మీలో చాలామందికి కంఠతా వచ్చు. 'మత్పతుల్', నా భర్తలు, అని రెండో పాదం ముగుస్తుంది. మూడో పాదంలో 'ఏవురు', అయిదుగురు, అంటుంది. కథ తెలిసిన శ్రోతకు అక్కడే పాండవులు కళ్ళముందు నిలుస్తారు, రహస్యం బయటపడుతుందేమోనని గుండె ఝల్లుమంటుంది. కీచకుడికి చేరేది మాత్రం ఆ తర్వాత వచ్చే 'గంధర్వుల్' అన్న మాట. రెండు అర్థాలూ తిక్కన కావాలని పెట్టినవే. అయితే ఆ మాట మూడో పాదం చివర 'గం' దగ్గర తెగి నాలుగో పాదంలోకి పోతుంది. పాదం పూర్తయిందని అక్కడ ఊపిరి తీసుకుంటే మాటా విరుగుతుంది, బిగువూ పోతుంది. 'మత్పతుల్' తర్వాత కాస్త ఆగి, 'ఏవురు'ను స్పష్టంగా పలికి, అక్కడి నుంచి 'గంధర్వుల్' దాకా ఒక్క ఊపిరిలో చదవాలి. చదివే తీరు కూడా వ్యాఖ్యానమే. రాగం తీసి చదివే మన పెద్దల మీద గౌరవం ఉంది కానీ, రాగం కోసం మాటను విరిచే చదువు నాకు రుచించదు.

ఇక వచన కవిత మీద గోష్ఠి ఎలా నడపాలో చూద్దాం. పది పన్నెండు మంది చాలు, ఒక కవితకు ముప్పావుగంట. ఇరవై, ఇరవై అయిదు పాదాలు దాటితే ఆ వ్యవధిలో నడవదు. మనిషికో ప్రతి ఇవ్వండి, దాని మీద కవి పేరు వద్దు. పక్కన అయిదేసి పాదాలకు ఒక అంకె వేస్తే 'అదేదో మధ్యలో ఉంది కదా' అనే వెతుకులాట తప్పుతుంది. కవి కాక వేరే ఇద్దరు, ఒకరి తర్వాత ఒకరు, పైకి చదవాలి. మధ్యలో రెండు నిమిషాల మౌనం. ఆ మౌనాన్ని నిర్వాహకులే భరించలేక మాట్లాడేస్తారు, అది చెడగొట్టడమే.

'దీని అర్థమేమిటి' అని అడిగారంటే అందరూ బడిలో సారాంశం రాసే పద్ధతిలోకి పోతారు. 'ఏ పాదం దగ్గర ఆగారు' అని అడగండి. వయసులో చిన్నవాళ్ళతో మొదలుపెట్టండి. పెద్ద మాస్టారు ముందు మాట్లాడితే మిగతావాళ్ళు తలూపడంతో సరి.

ఉదాహరణకు ఒక పాదం అనుకుందాం: 'వానొచ్చిన రాత్రి అమ్మ నిద్రపోలేదు.' కనిగిరి మెట్ట రైతుకు అది సంబరం. తుపాను దెబ్బ తిన్న తీరపు పాఠకురాలికి భయం. ఉప్పుకొటారుల్లో, అంటే ఉప్పు పండించే మడుల్లో, పనిచేసేవాళ్ళకు కరిగిపోయే ఉప్పు. ఏది నిలుస్తుంది? కొన్ని పాదాల తర్వాత 'దీపం కింద విత్తనాలు ఏరుతూ' అని ఉంటే రైతు తీసిన అర్థానికి బలం వస్తుంది, తుపాను అర్థం నిలవదు. 'తలుపు గడియ వైపే చూస్తూ' అని ఉంటే భయం బలపడుతుంది. ఏ అర్థం చెప్పినా పాదం సంఖ్య చూపించి చెప్పాలి, ఇదొక్కటే షరతు. చూపించలేనిది ఆ పాఠకుడి జ్ఞాపకం. దానికీ విలువుంది, కానీ దాన్ని కవిత మీద రుద్దకూడదు.

కవికి చివరి అయిదు నిమిషాలు. తన ఉద్దేశం చెప్పొచ్చు, తీర్పు మాత్రం చెప్పకూడదు. ఊరి పేరో, మాండలికపు మాటో ఎవరికైనా తెలియకపోతే మధ్యలోనే కవిని అడగొచ్చు. అది సమాచారం, దాన్ని దాచి ఉంచితే చర్చ ఉత్త ఊహల్లో పడుతుంది.

వాట్సాప్‌లో పంచుకునేవాళ్ళకు ఇంకో మాట. తెర వెడల్పుకు మించిన పాదం కిందికి జారుతుంది, పాఠకుడు దాన్ని కవి విరిచిన పాదమే అనుకుంటాడు. అందుకే ఫొటోగా పెట్టండి, పాదాలు చెదరవు. కిందనే అక్షరాల్లోనూ పెట్టండి, చూపు తగ్గినవాళ్ళు ఫోను చేత చదివించుకోవాలంటే ఫొటోతో కష్టం.