ఆ ‘ఘనముగ’ ఎందుకొచ్చింది? – శ్రోతల కవితలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. పద్యం, వచన కవిత రెండూ రాసే పెద్దాయన ఇయ్యాల మనతోని ఉన్నరు. కవిత నిజాయితీగా ఉండాలంటే ఏం చేయాలె అన్నది నేటి అంశం. మొదటి కాల్ దేవరకొండ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (దేవరకొండ): నమస్తే సార్. మా అమ్మ మీద కవిత రాసిన. రాస్తుంటే ఏడుపొచ్చింది. చదివినోళ్లు మాత్రం ‘బాగుంది’ అని పక్కకు పెడుతున్నరు.

కవి: ఒక నాలుగు పాదాలు చదువు బిడ్డా.

శ్రోత: ‘అమ్మ ప్రేమ అనంత సాగరం / అమ్మ ఒడి భూలోక స్వర్గం / త్యాగానికి మారుపేరు అమ్మ / కరిగిపోయే కొవ్వొత్తి అమ్మ.’

కవి: నీ ఏడుపు నిజమే, కాయితం మీదికి రాలేదంతే. ఒక పరీక్ష పెట్టు. మీ అమ్మను తీసి పక్కింటామెను పెట్టి మళ్లా చదువు. ఒక్క అక్షరం మార్చే పని పడదు. అట్ల అందరికీ సరిపోయేది మీ అమ్మ మీద రాసినట్టు కాదు. ఆమె ఏం పని చేస్తది?

శ్రోత: పత్తి ఏరబోతది సార్.

కవి: కూలి రోజుకా, కిలోకా?

శ్రోత: కిలోకే. పొద్దుగూకంగ కాంటా పెడ్తరు.

కవి: ఏరిన పత్తి దేంట్ల వేస్తది?

శ్రోత: పాత చీరతోని ఒడి కట్టుకుంటది సార్, ఆ ఒడిల.

కవి: ఆ మాట ఇంకోసారి అను.

శ్రోత: ఒడి… (నవ్వు)

కవి: దొరికిందా! ‘ఒడి స్వర్గం’ అన్నప్పుడు కనబడని ఒడి ఇప్పుడు కనబడ్డది. అది బరువెక్కుతది, నడుము మీద ముడి గుంజుతది, రాత్రికి కాంటా మీద కిలోల లెక్క అయితది. ఎండిన డొప్ప మొన గోరు పక్కన గీరుతది. నువ్వొక పని చెయ్యి. కవిత మూసిపెట్టి, అమ్మ గురించి కంటికి కనబడేవి, చెవికి వినబడేవి ఇరవై రాసుకో. మొదటి ఏడెనిమిది అందరికీ తెలిసినవే వస్తయి. అసలు సరుకు పన్నెండు దాటినంక వస్తది, అందుకే ఇరవై అన్న. అందులో రెండే ఉంచు. ప్రేమ, త్యాగం అన్న మాటలు ఎక్కడా రాయకు.

వ్యాఖ్యాత: తర్వాత అచ్చంపేట.

శ్రోత (అచ్చంపేట): సార్, నేను ఆటవెలదులు రాస్త. గణాలు, యతి అన్నీ కుదురుతయి. అయినా దొంగ పద్యం లెక్క ఉంటది. చదువుతా: ‘బోరు వేసినాము భూమిలో ఘనముగ / నీరు రాక పాయె నిజము నిజము.’

కవి: లెక్క తప్పలేదు. వినేటోళ్ల కోసం చెప్తున్న: పలకడానికి తక్కువ సేపు పట్టే అక్షరం లఘువు, ఎక్కువ సేపు పట్టేది గురువు, వాటి గుంపు గణం. మొదటి పాదంల మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో దాంట్ల అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదట్ల యతి, అంటే పాదం మొదటి అక్షరంతోని పొంతన. ‘బో’కు ‘భూ’, ‘నీ’కు ‘ని’, రెండూ చెల్లినయి. అయితే ‘ఘనముగ’ ఎందుకొచ్చింది?

శ్రోత: నాలుగు లఘువులు కావాల్సి వచ్చి…

కవి: అదే చెప్తున్న. ఛందస్సు అబద్ధం చెప్పియ్యదు, కానీ ఖాళీ జాగ చూపెడ్తది. ఆ జాగల ఘనముగ, వరముగ, మహిని, ఇలను అని పోస్తం. బోరు ఘనంగా వేసేటోడు ఎవడు? అప్పు తెచ్చి వేస్తడు. ఇంద్రగణాలు ఆరున్నయి: నగ, సల, నల, భ, ర, త. ‘ఘనముగ’ నల గణం. నల గణమే కావాలని ఏం లేదు, భ గణం కూడా పడ్తది. ఎన్ని బోర్లు వేసిన్రు?

శ్రోత: నాలుగు సార్.

కవి: ‘నాలుగు’, ఒక గురువు రెండు లఘువులు, భ గణం. పడ్డది చూడు: ‘బోరు వేసినాము భూమిలో నాలుగు.’ ఇగ ‘నిజము నిజము’. నిజమని రెండుసార్లు అంటే నమ్మేది పోయి అనుమానం వస్తది. ఆ రెండు సూర్యగణాల్ల పొలం చూపెట్టు. నీళ్లు రాని చెలక ఎట్లుంటది?

శ్రోత: నెర్రెలు వారి ఉంటది.

కవి: ‘నీళ్లు రాక పాయె నెర్రె మిగిలె.’ ‘నీ’కు ‘నె’ యతి చెల్లుతది. ‘నెర్రె’ గురువు, లఘువు, అది గలం. ‘మిగిలె’ మూడు లఘువులు, అది నగణం. రెండూ సూర్యగణాలే. ‘మిగిలె’ ఒక్కటే నాది, ‘నాలుగు’, ‘నెర్రె’ రెండు మాటలూ నీయే. కుదరని జాగల విశేషణం కోసం చూడకు. అంకె ఉన్నదా, వస్తువు పేరు ఉన్నదా, అది చూడు. పది నిముషాల్ల దొరకకపోతే పాదమే మార్చు.

వ్యాఖ్యాత: మిర్యాలగూడ నుంచి.

శ్రోత (మిర్యాలగూడ): సార్, తెలంగాణ యాసల రాస్తెనే నిజాయితీ ఉంటదంటరు. నిజమేనా?

కవి: యాస తాలింపు కాదు. పుస్తకం భాషల రాసి చివరికి నాలుగు ‘గిట్ల, గట్ల’ చల్లితే వేషం ఇట్టే దొరికిపోతది. వస్తువు పేరు మాత్రం ఊరిదే ఉండాలె. ‘ఒర్రె’ను ‘సెలయేరు’ అన్నవనుకో, నీళ్లు మారిపోతయి. ఒర్రె వానకు పొంగి ఎండకు ఇసుకైతది, సెలయేరు ఎప్పుడూ గలగలమంటుంటది. నువ్వు చూసింది ఒర్రెనాయె. ఆ పాదం మీ నాయనకు చదివి వినిపియ్యి. ‘ఇదేం మాటరా’ అని ఎక్కడ అడుగుతడో అక్కడ గీత పెట్టు.

వ్యాఖ్యాత: మర్రిగూడ నుంచి ఒకరున్నరు.

శ్రోత (మర్రిగూడ): ఫ్లోరైడ్ మీద రాసిన సార్. ‘వంగిన నా వెన్నెముక’ అని మొదలుపెట్టిన.

కవి: నీ వెన్నెముక వంగిందా బాబూ?

శ్రోత: లేదు సార్. మా పెదనాయనది.

కవి: మరి ‘నా’ అని ఎందుకు రాసినవు? తెలిసీ ఆ నొప్పిని అరువు తీసుకున్నట్టు. పెదనాయన పక్కన నిలబడ్డ కొడుకుగానే రాయి. మంచం మీది నుంచి లేపేటప్పుడు చెయ్యి ఎక్కడ పెడ్తవో, ఆయన తల ఎటు తిప్పలేడో నీకు తెలుసు, వేరే కవికి తెల్వది. నీళ్లల ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పు అన్న లెక్క వ్యాసంల పెట్టుకో. కవితల నువ్వు చెయ్యి వేసిన జాగ చాలు.

వ్యాఖ్యాత: సార్, దిద్దుకునే పద్ధతి కూడా చెప్పండి. చాలామంది మెసేజ్‌లు పెడుతున్నరు.

కవి: రాసినంక పది రోజులు ముట్టొద్దు. ఆ రాత్రే గ్రూపుల పెడితే ‘సూపర్ సార్’ అని వచ్చి, దిద్దుదామన్న బుద్ధే పోతది. పదో రోజు గొంతెత్తి చదవాలె. నాలుక తడబడ్డ చోట గీత, చదవంగ మనకే సిగ్గనిపించిన చోట రెండు గీతలు. రెండు గీతలది ముందు కొట్టెయ్యాలె. ఇరవై పాదాల్ల ‘లాగా, వలె’ రెండు దాటొద్దు. గుండె, కన్నీరు, మౌనం, అక్షరం, కలం, ఈ అయిదు మాటలు ఒక నెల బంద్ పెట్టి చూడండి. ముఖ్యంగా కలం. కవి తన కలాన్ని పొగుడుకునే కవితలు ఇప్పటికే బండ్లకొద్ది ఉన్నయి.

వ్యాఖ్యాత: (నవ్వు) చివరి కాల్, మక్తల్.

శ్రోత (మక్తల్): వలస మీద సార్. చిన్నదే. ‘పూణె బస్సు హారన్ కొట్టింది / అవ్వ కిటికీ కాడికొచ్చింది / ఇంటి తాళంచెవి కొంగుకు ముడేసుకుని / కోళ్లను నేను చూస్తలే అన్నది / ఓ పాలకులారా, ఎన్నాళ్లీ…’

కవి: ఆగు, ఆగు. ‘అన్నది’ కాడనే ఆపు.

శ్రోత: ఇంకా ఎనిమిది పాదాలున్నయి సార్. సందేశం అండ్లనే ఉన్నది.

కవి: ఆ ఎనిమిది ఎవరన్నా రాస్తరు. కోళ్ల మాట మీ అవ్వది. ఆమె ఏడుపు ఆపుకునేటందుకు కోళ్లను పట్టుకున్నది, నువ్వు వెంటనే మైకు పట్టుకున్నవు. ఆ నాలుగే మళ్లా చదువు, మెల్లగ.

శ్రోత: ‘పూణె బస్సు హారన్ కొట్టింది… అవ్వ కిటికీ కాడికొచ్చింది… ఇంటి తాళంచెవి కొంగుకు ముడేసుకుని… కోళ్లను నేను చూస్తలే అన్నది.’

కవి: ఊఁ.