14416 బోర్డు ఉంది, ఫోనే లేదు

[తెర మీద: హాస్టల్ మెట్ల దగ్గర గోడ. లామినేషన్ చేసిన కాగితం మీద పెద్ద అంకెల్లో 14416.]

విజయవాడ చుట్టుపక్కల ఉన్న ఏదో ఒక ఇంటర్ హాస్టల్ గోడ ఇది అనుకోండి. పోరంకి అనుకోండి, నిడమానూరు అనుకోండి. 14416 అంటే టెలీ మానస్. మనసు బాగోలేనివాళ్లు మాట్లాడి సాయం తీసుకోవడానికి 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ నంబరు హాస్టళ్లలో, క్లాసు గదుల్లో అందరికీ కనపడేలా పెట్టమని సుప్రీంకోర్టే చెప్పింది. పెట్టారు.

కానీ చాలా హాస్టళ్లలో పిల్లల దగ్గర ఫోను ఉండనివ్వరు. వారానికోసారి ఇంటికి మాట్లాడిస్తారు. అదీ వార్డెన్ ఎదురుగా, వెనక ఇరవైమంది లైన్లో నిలబడి ఉండగా. అక్కడ కన్నతల్లితోనే "బాగానే ఉన్నానమ్మా" అని పెట్టేస్తారు. ఇక 14416కి ఫోన్ ఎలా చేస్తారు?

నిబంధన రాసే అధికారికి ఇది తట్టదు. చాలాసార్లు డాక్టరుకీ తట్టదు. ఆ లైన్లో నిలబడే అమ్మాయి మాత్రం నిమిషంలో చెప్పేస్తుంది. యువత మానసిక ఆరోగ్యం గురించి విధానం రాసేటప్పుడు యువతనే కూర్చోబెట్టుకోవాలని మేం పట్టుబట్టేది ఇందుకే. ఎలా కూర్చోబెట్టాలి, ఎక్కడ చెడుతుంది అన్నదే ఈ వీడియో. కాలేజీ యాజమాన్యాలూ, స్వచ్ఛంద సంస్థలూ, విద్యార్థులూ ముగ్గురూ చూడాల్సిన విషయం.

[తెర మీద: 2025 జులై 25]

ముందు చట్టం సంగతి, క్లుప్తంగా. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం మీద వచ్చిన కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే చెల్లుతాయి. వందమంది, అంతకంటే ఎక్కువమంది విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ లేదా సైకాలజిస్టు లేదా సోషల్ వర్కరు కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు వీలైనంతవరకూ విడగొట్టకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలి. అది తనిఖీలు చేయాలి, ఫిర్యాదులు తీసుకోవాలి.

ఈ చివరిది గుర్తుపెట్టుకోండి. యువత మాట వెళ్లి చేరాల్సిన చోటు అదే. ఎన్టీఆర్ జిల్లా అయినా గుంటూరు జిల్లా అయినా, విధానం అంటే ఢిల్లీలో అచ్చయ్యే పుస్తకం ఒక్కటే కాదు. తనిఖీకి వెళ్లే అధికారి చేతిలో ఉండే ప్రశ్నల కాగితం కూడా విధానమే. "నంబరు గోడ మీద ఉందా?" అని ఆ కాగితంలో ఉంటే ఒకలా ఉంటుంది, "వార్డెన్ వినకుండా ఆ నంబరుకి మాట్లాడే వీలుందా?" అని ఉంటే ఇంకోలా ఉంటుంది.

[తెర మీద: వేదిక, ఫ్లెక్సీ, యూనిఫాంలో వరసగా నిలబడ్డ పిల్లలు]

మనకి బాగా అలవాటైన పద్ధతి ఇది. అక్టోబరు 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. మంచి వక్తలు ఇద్దర్ని ఎంచి, ప్రసంగం రాసిచ్చి, బట్టీ పట్టించి, ఫొటో దిగుతారు. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. ఆయన లెక్కలో కింది మూడు మెట్లు భాగస్వామ్యమే కాదు. పిల్లల్ని అలంకారంగా నిలబెట్టడం వాటిలో రెండోది.

మరి ఏముంటే భాగస్వామ్యం అంటారు? బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీకి చెందిన లారా లుండీ 2007లో నాలుగు చెప్పారు. మాట్లాడటానికి చోటు, మాట్లాడే గొంతు, వినాల్సినవాళ్లు ఎదురుగా ఉండటం, విన్నదానివల్ల ఏదో ఒకటి మారడం. మన దగ్గర మొదటి రెండింటితోనే ఆగిపోతాం.

ఇక పని మొదలుపెడదాం. విధానం మీద మాట చెప్పే యువత ప్యానెల్‌కి పన్నెండుమంది చాలు. ఇరవై దాటితే మాటకారులు నలుగురే మాట్లాడతారు. ఇంటర్ హాస్టల్ పిల్లలు నలుగురు, ఇంటి నుంచి వెళ్లొచ్చేవాళ్లు ఇద్దరు, ప్రభుత్వ జూనియర్ కాలేజీ లేదా పాలిటెక్నిక్ నుంచి ఇద్దరు, డిగ్రీ లేదా ఇంజనీరింగ్ నుంచి ఇద్దరు. మిగతా ఇద్దరూ చదువు మానేసి పనిచేస్తున్నవాళ్లు కావాలి. ఆటోనగర్ షెడ్డులో, బీసెంట్ రోడ్డు బట్టల షాపులో, గుంటూరులో అయితే మిర్చి యార్డులో వెతకండి. కాలేజీల ద్వారానే పిలిస్తే వీళ్లు ఎప్పటికీ రారు. ఏ రకంవాళ్లయినా ఇద్దరిద్దరు ఉండాలి. ఒక్కరే ఉంటే నోరు విప్పరు.

ఎంపిక ప్రిన్సిపాల్‌గారికి వదిలేయకండి. ఆయన చెడ్డవారని కాదు. పేరు నిలబెట్టే పిల్లల్ని పంపడం ఎవరికైనా సహజం. అలా ర్యాంకర్లే వస్తే, వెనకబడిన బ్యాచ్‌లో కూర్చున్నవాడి బాధ ఆ గదిలోకి రాదు. దానికి బదులు, రావాలనుకునేవాళ్లకి మూడు ప్రశ్నల చీటీ పంచండి. రాయడం ఇష్టం లేనివాళ్లు వాట్సాప్‌లో వాయిస్ పంపొచ్చని చెప్పండి. ఇంగ్లిష్ బాగా వచ్చా రాదా అన్నది చూడకండి.

ఎప్పుడు పెట్టాలి అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం ప్రయత్నాలు ఇక్కడే పోతాయి. జనవరి నుంచి మే దాకా జేఈఈ, ఇంటర్ పబ్లిక్, నీట్, ఈఏపీసెట్. అప్పుడు పిలిస్తే తల్లిదండ్రులు పంపరు, పంపకపోవడం న్యాయమే. జులై నుంచి నవంబరు మధ్య నాలుగు ఆదివారాలు తీసుకోండి. ఔటింగ్ ఇచ్చే ఆదివారం మాత్రం వదిలేయండి. అమ్మానాన్న క్యారేజీ కట్టుకుని వచ్చే రోజు అది, దాన్ని మనం లాక్కోకూడదు. బస్సు ఛార్జీ, భోజనం ఆ రోజే చేతికివ్వాలి. షెడ్డు మానుకుని వచ్చిన కుర్రాడికి ఆ రోజు కూలికి తగ్గకుండా ఇవ్వాలి. డాక్టరుగారికి గౌరవ వేతనం ఇచ్చి ఇతనికి సర్టిఫికెట్ ఇస్తే, ఎవరి మాటకి ఎంత విలువో అక్కడే తెలిసిపోతుంది.

[తెర మీద: రెండు సంతకాల కాగితం]

భద్రత విషయంలో తొందర పనికిరాదు. పద్దెనిమిది నిండనివాళ్లకి రెండు సంతకాలు కావాలి. ఒకటి తల్లిదండ్రులది, రెండోది పిల్లలదే. నాన్న సంతకం పెట్టినా పిల్ల వద్దంటే వద్దే. "ఇక్కడ చెప్పింది ఎవరికీ చెప్పం" అని మాటివ్వకండి, అది నిలబెట్టుకోలేరు. ప్రాణానికి ప్రమాదం ఉందని తెలిస్తే చెప్పాల్సిందే. మైనర్ మీద లైంగిక వేధింపు బయటపడితే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదు. ఈ రెండు సంగతులూ మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయండి. పక్క గదిలో ఒక సైకాలజిస్టుని కూర్చోబెట్టండి. మధ్యలో లేచి వెళ్లిపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని చెప్పండి. మర్నాడు అందరికీ ఒక ఫోన్ చేయండి. బాధ చాలాసార్లు ఇంటికెళ్లాక పైకి వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ప్రశ్న అడిగే తీరు. "నీకేమైంది? చెప్పు" అని అడక్కూడదు. పదిమంది ముందు గాయం విప్పమనడం అది. దానికి బదులు రోజుని అడగండి. చార్టు మీద తెల్లవారుజామున లేచినప్పటి నుంచి రాత్రి స్టడీ అవర్ అయ్యేదాకా గీత గీయించండి. ఒక్కో గంట దగ్గర ఒకటే ప్రశ్న: "ఈ టైములో ఎవరికైనా మనసు బాగోలేకపోతే ఎవరి దగ్గరికి వెళ్లగలరు? వెళ్లకపోతే ఎందుకు?" అప్పుడు చూడండి. "కౌన్సెలర్ రూము ప్రిన్సిపాల్ రూము పక్కనే అండి, వెళ్తే ఏం తప్పు చేశావని అడుగుతారు." "ఆవిడ వచ్చేది స్టడీ అవర్‌లో, లేచి వెళ్తే అందరికీ తెలిసిపోద్ది." "కౌన్సెలరూ ఆవిడే, ఫీజు గురించి ఇంటికి ఫోన్ చేసేదీ ఆవిడే." ఇలాంటి మాటలు వస్తాయి. ఎవరూ తమ కథ చెప్పుకోనక్కర్లేకుండానే విధానంలో చిల్లు ఎక్కడుందో చార్టు మీద కనపడుతుంది.

సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లాంటి మూలపత్రాలు ఇంగ్లిషులో ఉంటాయి. వాటిని రెండు పేజీల తెలుగులోకి మార్చి వారం ముందే ఇవ్వండి. ముసాయిదా పూర్తయ్యాక "అభిప్రాయం చెప్పండి" అని చూపిస్తే లాభం లేదు, అప్పటికి మార్చే ఓపిక ఎవరికీ ఉండదు.

మూడో ఆదివారం సిఫార్సులు రాయాలి. ఐదుకి మించొద్దు. ముప్పై రాస్తే వాటిలో తేలికైనది ఒకటే జరుగుతుంది, అది సాధారణంగా పోస్టరు. ఒక్కో సిఫార్సుకి నాలుగు గళ్లు గీయండి: ఇబ్బంది ఏమిటి, ఏం మారాలి, ఎవరు సంతకం పెడితే మారుతుంది, ఎప్పటిలోగా. "ఒత్తిడి తగ్గించాలి" అన్నది ఏ గడిలోనూ పట్టదు, కొట్టేయండి. ఇలా రాయాలి:

[తెర మీద: ఒక వరస, నాలుగు గళ్లు]

"14416కి ఫోన్ చేసే వీలు లేదు. ప్రతి అంతస్తులో ఒక ఫోను, తలుపు వేసుకునే చోట పెట్టాలి. ఎవరు ఎవరికి చేశారో రిజిస్టరులో రాయించకూడదు. బాధ్యత యాజమాన్యానిది, తనిఖీ కలెక్టర్ కమిటీది. దసరా సెలవులు అయ్యేలోగా."

నాలుగో ఆదివారం అధికారుల్ని ప్యానెల్ కూర్చునే చోటికే రమ్మనండి. పిల్లల్ని కలెక్టరేట్ కాన్ఫరెన్స్ హాల్లో మైకు ముందు నిలబెడితే గొంతు పెగలదు. రాలేమంటే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఐదింటికీ జవాబు రాతలో అడగండి: ఒప్పుకున్నారా, కొంత ఒప్పుకున్నారా, లేదా, లేకపోతే ఎందుకు. "పరిశీలిస్తాం" అన్నది జవాబు కాదు. అసలు పలక్కపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు ఉంది, 30 రోజుల్లో బదులివ్వాలి. అది పెద్దవాళ్లు తమ పేరుతో పెట్టాలి. పిల్లల పేర్లు ఏ కాగితం మీదా బయటికి పోకూడదు, వాళ్లు రేపు మళ్లీ అదే కాలేజీకి వెళ్లాలి.

కాదన్న జవాబు వచ్చినా దాచకండి, పన్నెండుమందికీ చదివి వినిపించండి. ఏమైందో చెప్పకుండా వదిలేస్తే మళ్లీ పిలిచినప్పుడు ఎవరూ రారు. వాళ్ల స్నేహితులు కూడా రారు.

మూడు నెలలయ్యాక తనిఖీకి వెళ్లేవాళ్లతో ప్యానెల్ నుంచి ఇద్దర్ని పంపండి. తమ కాలేజీకి కాదు, వేరే కాలేజీకి. చేయాల్సిన పని చిన్నదే. అంతస్తులో ఫోను దగ్గరికి వెళ్లి తలుపు వేసుకోవాలి. గడియ పడుతోందా? బయట నిలబడ్డవాళ్లకి మాట వినిపిస్తోందా? 14416 నొక్కితే రింగవుతోందా? చూసింది చూసినట్టు కాగితం మీద రాసి, కిందికి దిగి తనిఖీ అధికారి చేతికివ్వాలి.