పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్: బానెట్ ఎత్తే ముందు బండి కిందికి దూరండి

అందరికీ నమస్కారం.

పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొందామనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇంజన్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?" దానికి సమాధానం చెబుతాను కానీ, ఆ ప్రశ్న రెండోది కావాలన్నది నా పట్టుదల. ఇంజన్ పాడైతే విప్పి బోరు చేయించుకోవచ్చు, మరీ కాదంటే ఇంకో ఇంజన్ తెచ్చి దించుకోవచ్చు. గేరు బాక్సు సంగతీ అంతే. చాసిస్‌ను తుప్పు తినేస్తే మాత్రం ఇక చేయగలిగింది చాలా తక్కువ. ఈ రకం బండ్లలో ఎక్కువ వాటికి అడుగున నిచ్చెనలాంటి ఉక్కు చట్రం ఉంటుంది. ఇంజన్, యాక్సిళ్లు, బాడీ అన్నీ దానికే బిగించి ఉంటాయి. ఆ చట్రమే బండి. తక్కినవన్నీ దానికి తగిలించిన సామాను.

కొనేవాళ్లు ఇందుకు సరిగ్గా తలకిందులుగా చేస్తారు. తళతళలాడే రంగు చూస్తారు, సీటులో కూర్చుని చూస్తారు, ఇంజన్ చప్పుడు విని తలాడిస్తారు, వెంటనే బేరంలోకి దిగుతారు. బండి కిందికి దూరడానికి బట్టలు అడ్డం వస్తాయి. పాత బట్టలు వేసుకుని వెళ్లండి. టార్చి లైటు, చిన్న సుత్తి, మొన ఉన్న స్క్రూడ్రైవర్ తీసుకెళ్లండి.

చట్రంలోని పొడవాటి దూలాలు లోపల డొల్లగా ఉంటాయి. బురదలో, వాగుల్లో తిరిగినప్పుడు వాటికున్న రంధ్రాల గుండా మట్టి లోపలికి చేరి అక్కడే పేరుకుంటుంది. పైన ఆరినా లోపల ఆరదు. అందుకే తుప్పు లోపలినుంచి పుట్టి బయటికి వస్తుంది. రంగు ఉబ్బి పెచ్చులు లేచే సమయానికి లోపల రేకు మందం ఎంత మిగిలిందో చెప్పలేం. సముద్ర తీరంలో తిరిగిన బండ్లు, చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట తిరిగిన బండ్లు మరీ ప్రమాదం. అమ్మే మనిషిని అడిగి, సుత్తితో దూలం పొడవునా మెల్లగా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తిన్నచోట శబ్దం చచ్చిపోతుంది. అలా శబ్దం మారినచోట స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కండి. లోపలికి దిగితే లేచి, చేతులు దులుపుకుని, నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇంజన్ స్టార్ట్ చేసి చూడాల్సిన పని కూడా లేదు.

ఎక్కువగా చెడేవి వెనక చివరన ఉండే అడ్డ దూలం, స్ప్రింగులు చట్రానికి తగిలే చోట్లు, వెనక యాక్సిల్ మీదుగా దూలం వంపు తిరిగే భాగం, బాడీ కూర్చునే బ్రాకెట్లు. తారులాంటి నల్లటి పూత కొత్తగా పూసి ఉంటే ఎప్పుడు పూశారని అడగండి. ఏళ్లుగా కాపాడుకుంటూ వచ్చిన పూత మీద దుమ్ము, గీతలు, రాళ్లు తగిలిన గుర్తులు ఉంటాయి. అమ్మకం కోసం పోయిన వారం పూసినది నిగనిగలాడుతుంది. దాని కింద ఏముందో పూసినవాడికే తెలుసు. తుప్పు పట్టిన రేకు మీదే కొత్త రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేసిన అతుకులూ అంతే. తిన్న ఇనుమును కోసి పారేసి మంచి ఇనుము వరకు వెళ్లి అతికితేనే అది మరమ్మతు. మిగతాదంతా కంటికి గంతలు కట్టడమే.

ల్యాండ్ రోవర్ డిఫెండర్ గురించి ఒక మాట. దాని బాడీ రేకులు చాలావరకు అల్యూమినియం కాబట్టి తుప్పు భయం లేదనుకునేవాళ్లు ఉన్నారు. చాసిస్ ఉక్కే, డ్రైవర్ కాళ్ల ముందుండే అడ్డగోడా ఉక్కే. అల్యూమినియం, ఉక్కు తాకేచోట తడి చేరితే రసాయన చర్య మొదలై, అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. తలుపుల అంచుల్లో వేలు పెట్టి చూస్తే ఆ పొడి అంటుతుంది.

ఇక ఇంజన్. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పాత ఇంజన్లలో గాలిని సుమారు ఇరవయ్యో వంతుకు నొక్కుతారు. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరిగితే గాలి జారిపోయి వేడి చాలదు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఈ లోపం కప్పబడిపోతుంది, చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. అందుకే ఉదయాన్నే వస్తానని, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పి వెళ్లాలి. వెళ్లగానే రేడియేటర్ పై గొట్టం మీద చేయి వేయండి. వెచ్చగా తగిలితే మీకోసం ముందే తిప్పి ఉంచారన్నమాట. "పక్కకు తీయాల్సి వచ్చింది" అంటారు. నిజమే కావచ్చు, అయినా మరో రోజు రండి.

గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్ అందుకోవడానికి సిలిండర్ లోపల వేడి పుట్టించేవి) పనిచేస్తున్నట్టు చూపే దీపం ఆరాక సెల్ఫ్ కొడితే మంచి ఇంజన్ రెండు మూడు తిప్పుల్లో అందుకోవాలి. మొదట కాస్త తెల్లటి పొగ, కొంచెం ఒడిదుడుకు సహజమే. నిమిషాలు గడిచినా తెల్లపొగ ఆగకుండా కళ్లు మండిస్తుంటే మండని డీజిల్ బయటికి వస్తోందని అర్థం. ఒకటి రెండు గ్లో ప్లగ్గులు పోయి ఉంటే చిన్న ఖర్చు, కంప్రెషనే (సిలిండర్‌లో గాలిని నొక్కే పట్టు) పోయి ఉంటే పెద్ద ఖర్చు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వచ్చే నల్లపొగకు మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ నుంచి డీజిల్ చిమ్మే నాజిళ్లు అరగడం దాకా కారణాలు చాలా ఉంటాయి. పికప్ కోసం ఎవరో డీజిల్ పంపు సెట్టింగు పెంచి ఉండవచ్చు కూడా. నల్లపొగను చూసి బెదిరిపోనక్కర్లేదు. బెదరాల్సింది నీలాన్ని చూసి.

ఇంజన్ వేడెక్కాక, నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. లోపలినుంచి పొగ గుప్పుగుప్పుమని తన్నుకువస్తుంటే, మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది అదే. రింగుల పక్కనుంచి గాలి కిందికి జారుతోంది. కొద్దిపాటి ఆవిరి పాత ఇంజన్‌కు మామూలే. మూతను తిరగేసి రంధ్రం మీద వదిలితే అది ఎగిరెగిరి పడుతున్నదంటే మాత్రం బోరు పని దగ్గరపడింది. అసలు లెక్క కావాలంటే గేజీ పెట్టి కంప్రెషన్ చూపించాలి. ఒక్కో సిలిండర్ అంకె ఎంతన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం.

డీజిల్ ఇంజన్లకు వేడి పెద్ద శత్రువు. ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్ (సిలిండర్లను పైన మూసే భాగం) ఉన్న ఇంజన్లను ఒకసారి గట్టిగా వేడెక్కించినా హెడ్ వంగుతుంది, లేదా వాల్వుల మధ్య చీలుతుంది. టయోటా 1కెజెడ్-టిఇ, మిత్సుబిషి 4డి56 ఇంజన్లకు ఈ జబ్బు బాగా తెలిసిందే. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి, నీళ్లను చూస్తూ నిలబడండి. బుడగలు వదలకుండా వస్తుంటే మంట తాలూకు గాలి నీళ్లలోకి దూరుతోంది. కూలెంట్ మీద నూనె తెట్టు కనిపించినా, అందులో కూలెంట్ బదులు తుప్పు రంగు మామూలు నీళ్లే ఉన్నా బండిని ఎలా చూసుకున్నారో తెలిసిపోతుంది.

ప్రతి మోడల్‌కూ దాని సొంత జబ్బు ఒకటి ఉంటుంది. అది తెలుసుకోకుండా చూడటానికి వెళ్లడం దండగ. టయోటా ల్యాండ్ క్రూయిజర్ 80లో వచ్చిన 1హెచ్‌డి-టి ఇంజన్‌కు బిగ్ ఎండ్ బేరింగులు (కనెక్టింగ్ రాడ్ క్రాంక్ షాఫ్టును పట్టుకునే చోట ఉండేవి) ముందుగానే అరుగుతాయని పేరు. అవి మార్చిన కాగితం ఉందా అని అడగాలి. నిస్సాన్ పాట్రోల్ బండిలో వచ్చిన 3.0 లీటర్ల జెడ్‌డి30 తొలి ఇంజన్లలో పిస్టన్లు దెబ్బతిన్న ఉదంతాలు చాలా ఉన్నాయి. ల్యాండ్ రోవర్ టిడి5 ఇంజన్‌లో ఆయిల్ ఇంజెక్టర్ల వైరు వెంట పాకి కంప్యూటర్ ప్లగ్గు దాకా వెళ్తుంది. ఎరుపు ప్లగ్గు పీకి చూస్తే నూనె తడి ఉంటుంది. అది బేరానికి పనికొచ్చే లోపమే గాని బండిని వదిలేయాల్సినంత లోపం కాదు.

టైమింగ్ బెల్టు (వాల్వులను పిస్టన్ల కదలికకు సరిపడేలా నడిపే బెల్టు) ఉన్న ఇంజన్ అయితే, ఎప్పుడు మార్చారో రాతపూర్వకంగా లేకపోతే మార్చలేదనే లెక్క. నోటిమాట చెల్లదు. డీజిల్‌లో పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య సందు చాలా తక్కువ. బెల్టు తెగిన క్షణానే వాల్వులు పిస్టన్లను ఢీకొంటాయి.

డీజిల్ పంపు సంగతి. కొన్ని దేశాల్లో డీజిల్‌లో గంధకం తగ్గించినప్పుడు పాత రోటరీ పంపుల్లో రబ్బరు సీళ్లు బిగుసుకుని కారడం మొదలైంది. పంపు చుట్టూ తడిగా, దుమ్ము అంటుకుని ఉంటే సీళ్లు పోయినట్టు. కారే చోటునుంచే గాలి కూడా లోపలికి పోతుంది కాబట్టి, రాత్రంతా నిలిపిన బండి ఉదయం ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు. 2000 తర్వాతి కామన్ రైల్ ఇంజన్లది (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఒత్తిడితో డీజిల్ అందేవి) మరో కథ. వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడిలో పనిచేసే ఆ ఇంజెక్టర్లు కంటికి కనపడని మురికినీ సహించవు, వాటి ఖరీదూ తక్కువ కాదు. ఊళ్లకు దూరంగా తిరగాలనుకునేవాళ్లకు నేను పాత మెకానికల్ పంపునే సిఫారసు చేస్తాను. అది మొండిది, చేతి పనిముట్లకు లొంగుతుంది.

టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నెట్టే పంకా) ఉంటే దాని గాలి గొట్టం విప్పి షాఫ్టును వేళ్లతో ఊపి చూడండి. పక్కకు రవ్వంత కదిలినా ఫర్వాలేదు, ముందుకూ వెనక్కూ కదలకూడదు. సీళ్లు పూర్తిగా పోయిన టర్బోతో ఒక ప్రమాదం ఉంది. ఇంజన్ తన ఆయిల్‌నే పీల్చుకుని మండించుకుంటూ అదుపు తప్పి పరుగెడుతుంది. తాళం చెవి తీసేసినా ఆగదు. మాన్యువల్ గేరు బండి అయితే బ్రేకు బలంగా తొక్కి, టాప్ గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను బలవంతంగా ఆపడం ఒక మార్గం. ఆ సమయంలో గాలి గొట్టానికి చేయి అడ్డం పెట్టే పని మాత్రం ఎన్నడూ చేయకండి.

అడవుల్లో, వాగుల్లో తిరిగిన బండిని చూసేటప్పుడు నీళ్ల ఆనవాళ్లు వెతకాలి. కార్పెట్టు ఎత్తండి, సీటు పట్టాలు చూడండి, హెడ్‌లైటు లోపల మట్టి గీత ఉందేమో గమనించండి. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తే నొక్కుడుపడవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్‌తో బండి నెలల తరబడి నడవవచ్చు. ఆ ఒక్క సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువ చూపిస్తుంది, అంతే. తర్వాత డిఫరెన్షియల్ (యాక్సిల్ మీద, రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేరు పెట్టె) ఆయిల్ పోసే బోల్టు విప్పి చిటికెన వేలు లోపలికి పెట్టండి. వేలికి ముదురు రంగు నూనె అంటితే సరే. పాలు కలిపినట్టు బూడిద తెలుపు నూనె అంటితే నీళ్లు చేరాయి. వేళ్ల మధ్య రుద్దినప్పుడు రవ్వలు గరగరలాడితే గేరు పళ్లు రాలుతున్నాయి. ఈ పరీక్షకు నిమిషం పడుతుంది, చేసేవాళ్లు తక్కువ.

లో రేంజ్ లివర్ (నెమ్మదిగా, ఎక్కువ లాగుడు శక్తితో నడిపే గేరు వేసేది) చాలా బండ్లలో ఏళ్లపాటు ముట్టుకోకుండా ఉండి బిగుసుకుపోతుంది. మట్టి నేల మీదే వేసి చూడండి. ముందు, వెనక యాక్సిళ్ల మధ్యన డిఫరెన్షియల్ లేని బండ్లను తారురోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిప్పితే మలుపుల్లో చక్రాల వేగాల తేడా పోవడానికి దారిలేక గేరు వ్యవస్థంతా మెలిపడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోనిస్తే టకటకమంటున్నదంటే ముందు చక్రాల సీవీ జాయింట్లు (చక్రం తిరిగినా శక్తిని అందించే కీళ్లు) అరిగాయి. గేరు వేసి వదిలినప్పుడు ధబ్బుమని శబ్దం వస్తే యాక్సిళ్లకు శక్తి తీసుకెళ్లే షాఫ్టు క్రాసులు (దాని చివరల కీళ్లు) చూడాలి. ముందు యాక్సిల్ చివరల గోళాకారపు భాగం మీద గ్రీజు, నూనె కలిసి పల్చగా కారుతుంటే లోపలి సీలు పోయింది. ఇవన్నీ బాగయ్యేవే. లెక్క రాసుకుని బేరంలో తగ్గించమని అడగండి.

ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి, కప్పు మీద దీపాల వరుస పెట్టిన బండి ఫొటోలో బాగుంటుంది. నాకైతే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండి కనిపిస్తే ప్రాణం లేచివస్తుంది. ఎత్తు పెంచితే స్టీరింగ్ కోణాలు, షాఫ్టు కోణాలు మారతాయి. పెద్ద టైర్లతో మీటరు తక్కువ దూరం చూపిస్తుంది, క్లచ్ మీద భారం పెరుగుతుంది. దీపాలకు లాగిన వైర్లను తప్పకుండా చూడండి. ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపినవి ఎన్నో.

చాసిస్ నంబరును చట్రం మీద స్వయంగా చూసి కాగితాలతో పోల్చండి. అక్కడ రుద్దిన గుర్తులు, అంకెల వరుసలో తేడా ఉంటే అది మెకానిక్ తేల్చే సంగతి కాదు, ఆ బండి మనకు వద్దు. తిరిగిన కిలోమీటర్లను మీటరు కంటే పెడల్ రబ్బరు నిజాయితీగా చెబుతుంది.

చివరగా, తక్కువ తిరిగిన బండి అనగానే సంబరపడేవాళ్లకు. ఏళ్లపాటు షెడ్డులో నిలిచిన బండిలో సీళ్లు ఎండుతాయి, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, టైర్లు పగుళ్లు తీస్తాయి. ట్యాంకులో డీజిల్ అడుగున చేరిన నీటి పొర దగ్గర సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. కొన్నాక కొత్త ఫిల్టర్ వేసిన కొద్ది రోజులకే మళ్లీ బండి ఊపిరాడక ఆగుతుంటే ఫిల్టర్ కంపెనీని తిట్టకండి. ట్యాంకు దించి, లోపల కడిగించి, లైన్లన్నీ ఊదించి, అప్పుడు కొత్త డీజిల్ పోయండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.