రిపోర్టులో రాసిన ఎడమ ఎవరి ఎడమ?

నమస్తే. ఈ మధ్య నాకు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఇంట్లో పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. స్కాన్ రిపోర్ట్ చేతికొస్తే అందులో ‘లెఫ్ట్’ అని ఉంది. ఇక ఇల్లంతా టెన్షన్. "పడిపోయింది కుడి వైపు, వీళ్లు రాసింది ఎడమ. ఇంకెవరి రిపోర్టో మనకిచ్చారా?" కొందరు ఆ అనుమానంతోనే ఇంకో సెంటర్‌కి పరుగెత్తి మళ్లీ స్కాన్ తీయిస్తున్నారు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అంత విలువైన సమయం ఇలాంటి అనుమానాలకు పోతుంటే నాకు చాలా బాధేస్తుంది. అందుకే ఈ వీడియో.

ఆ రిపోర్ట్ తప్పు కాదు. ఎందుకో చెప్పాలంటే ముందు చార్మినార్ దగ్గరికి వెళ్లాలి.

(స్క్రీన్ మీద: చార్మినార్ చుట్టూ ఉన్న రోడ్ల మ్యాప్)

లాడ్ బజార్ చార్మినార్‌కి ఏ పక్కన ఉంది? ఉత్తరాన ఉన్న మదీనా సెంటర్ వైపు నుంచి నడిచి వచ్చేవాళ్లు కుడి పక్క అంటారు. దక్షిణాన ఉన్న శాలిబండ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎడమ పక్క అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కానీ ఆ మాట నమ్మి గాజులు కొనడానికి బయల్దేరినవాళ్లు తప్పిపోతారు. అదే ‘చార్మినార్‌కి పడమర’ అన్నారనుకోండి, ఎటు నుంచి వచ్చినా చేరేది లాడ్ బజార్‌కే. చూసేవాళ్లు ఎక్కడ నిలబడ్డా మారని గుర్తు అది. 1591లో కట్టినప్పుడే చార్మినార్ నాలుగు కమాన్లనూ నాలుగు దిక్కులకు పెట్టారు కాబట్టి మన పని ఇంకా తేలిక.

శరీరానికి కూడా అలాంటి మారని దిక్కులు కావాలి. మనిషి నిలబడతాడు, పడుకుంటాడు, బోర్లా తిరుగుతాడు. ఆపరేషన్ టేబుల్ మీద ఒకలా, ఎక్స్‌రే మెషిన్ ముందు ఇంకోలా ఉంటాడు. అందుకే ప్రపంచంలో డాక్టర్లందరూ ఒకే భంగిమను ఊహించుకుని మాట్లాడతారు. దాన్ని అనాటమికల్ పొజిషన్ అంటారు. కోఠీలో చదివిన డాక్టరైనా, లండన్‌లో చదివిన డాక్టరైనా నేర్చుకునేది ఇదే.

ఒక్కసారి లేచి నిలబడండి. నిజంగానే లేవండి, కూర్చుని వింటే ఇది వంటబట్టదు. ముఖం ముందుకు, చేతులు పక్కలకు వేలాడుతూ ఉండాలి. ఇప్పుడు అరచేతులు ముందుకు తిప్పండి. మామూలుగా ఎవరూ ఇలా నిలబడరు, కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కానీ దీనికో మంచి కారణం ఉంది. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలు ఉంటాయి, రేడియస్, అల్నా. అరచెయ్యి ముందుకు తిరిగి ఉన్నప్పుడు ఆ రెండూ పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి. వెనక్కి తిప్పితే రేడియస్ వెళ్లి అల్నా మీదుగా అడ్డంగా పడుతుంది. ఏ ఎముక ఏ పక్కన ఉందో చెప్పాలంటే అవి మెలిక పడని స్థితే కావాలి కదా. నాకు అనాటమీలో అన్నిటికంటే ఇష్టమైన ఏర్పాటు ఇది.

ఈ భంగిమలో కుడి, ఎడమ అంటే ఎప్పుడూ పేషెంట్ కుడి, పేషెంట్ ఎడమ. చూసే డాక్టర్‌వి కావు, ఫిల్మ్ పట్టుకున్న మనవీ కావు. ఛాతీ ఎక్స్‌రేని పేషెంట్ మనకు ఎదురుగా నిలబడ్డట్టు పెట్టి చూస్తారు. అంటే ఆయన కుడి పక్క మన ఎడమ చేతి వైపు వస్తుంది. గుండె నీడ ఎక్కువ భాగం ఫిల్మ్‌లో మన కుడి వైపు కనిపించేది అందుకే. అది చూసి "గుండె కుడి పక్కకు జరిగింది" అని భయపడే వాళ్లున్నారు. భయపడే ముందు ఫిల్మ్ మూల చూడండి, ‘ఎల్’ అనో ‘ఆర్’ అనో అక్షరం ఉంటుంది. అదే మన పడమర గుర్తు. గుండెతో పాటు లోపలి అవయవాలన్నీ అద్దంలోలా అటూ ఇటూ మారి పుట్టేవాళ్లు కూడా ఉన్నారు, సుమారు పది వేల మందిలో ఒకరు. వాళ్ల విషయంలో ఆ అక్షరం ఇంకా ముఖ్యం.

మరి పక్షవాతం సంగతి? కుడి చెయ్యి పడిపోతే ‘లెఫ్ట్’ అని ఎందుకు రాశారు? ఎందుకంటే రిపోర్ట్ రాసింది చెయ్యి గురించి కాదు, మెదడు గురించి. చేతులు, కాళ్లు కదిలించమని మెదడు పంపే ఆదేశాలను మోసుకెళ్లే నరాల పోగుల్లో చాలా భాగం, మెదడు అడుగున మెడుల్లా దగ్గర అవతలి పక్కకు దాటిపోతాయి. కాబట్టి మెదడు ఎడమ సగం కుడి చేతిని, కుడి సగం ఎడమ చేతిని కదిలిస్తాయి. ఎడమ సగంలో రక్తనాళం పూడుకుపోతే కుడి చెయ్యి పడిపోతుంది. రిపోర్టులో ఎడమ, మంచం మీద కుడి. రెండూ ఒకే మనిషివి, రెండూ నిజమే. చాలామందికి మాటలను నడిపించే భాగం కూడా ఎడమ సగంలోనే ఉంటుంది. అందుకే కుడి పక్క పడిపోయిన వాళ్లలో మాట పోవడం కూడా తరచు చూస్తాం. వెనక ఉండే చిన్నమెదడు లెక్క మాత్రం వేరు, అది తన పక్కనే చూసుకుంటుంది. కుడి వైపు దెబ్బతింటే కుడి చెయ్యే తడబడుతుంది.

మళ్లీ చార్మినార్‌కి వద్దాం. అక్కడి నుంచి మదీనా వైపు నడిస్తే ముందు గుల్జార్ హౌజ్, తర్వాత మదీనా, ఆ తర్వాత నయాపూల్. చార్మినార్‌ని మొండెం అనుకోండి, ఆ రోడ్డును చెయ్యి అనుకోండి. చార్మినార్‌కి దగ్గరగా ఉన్నది ప్రాక్సిమల్, దూరంగా ఉన్నది డిస్టల్. మదీనా ఏమవుతుంది? ఇదొక్కటే ప్రశ్న వేస్తే సమాధానం లేదు. గుల్జార్ హౌజ్‌తో పోలిస్తే డిస్టల్, నయాపూల్‌తో పోలిస్తే ప్రాక్సిమల్. మోచెయ్యి కూడా అంతే, భుజానికి డిస్టల్, మణికట్టుకు ప్రాక్సిమల్. ‘డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్’ అని రాస్తే ఆ ఎముక మణికట్టు వైపు చివర విరిగిందని అర్థం. చెయ్యి చాచి కింద పడినప్పుడు విరిగేది చాలాసార్లు అక్కడే.

ఆ రోడ్డునే ఇప్పుడు శరీరం మధ్య గీత అనుకోండి. రోడ్డును ఆనుకుని ఉన్న దుకాణాలు మీడియల్, గల్లీల్లోకి పోయే కొద్దీ లేటరల్. మోకాలి రిపోర్టులో ‘మీడియల్ మెనిస్కస్’ అంటే రెండో మోకాలి వైపున్న మెత్త. చేతిలో అయితే, అరచెయ్యి ముందుకు తిప్పి చూడండి, చిటికెన వేలు మీడియల్, బొటనవేలు లేటరల్. చేతులు మామూలుగా వదిలేసి చూస్తే ఇది కుదరదు, అందుకే మిమ్మల్ని లేపి నిలబెట్టాను.

ఇప్పుడు నాకు బాగా చిరాకు తెప్పించే ఒక విషయం. "నాకు ఎల్4-ఎల్5లో డిస్క్ జారిందట, కానీ నొప్పి కుడి కాల్లో ఉంది, ఎల్ అంటే లెఫ్ట్ కదా?" కాదండీ. ఇక్కడ ఎల్ అంటే లంబార్, అంటే నడుము. వెన్నుపూసల్లో మెడవి 7, వాటికి సి. ఛాతీ వెనకవి 12, వాటికి టి. నడుమువి 5, వాటికి ఎల్. పై నుంచి కిందికి లెక్క. ఎల్4-ఎల్5 అంటే నడుములో నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య ఉన్న డిస్క్. అది ఏ పక్కకు జారిందో రిపోర్టులో విడిగా రైట్ అనో లెఫ్ట్ అనో రాస్తారు, అది చదవండి. అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు. రిపోర్ట్ చేతికిచ్చేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. అది చెప్పకుండా పంపేస్తున్నందుకే నా కోపం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. యాంటీరియర్ అంటే ముందు, పోస్టీరియర్ అంటే వెనక. క్రికెట్ ఆటగాళ్లకు తెగిందని వింటుంటామే ఏసీఎల్, అది మోకాలి లోపల ఎముకలను కట్టి ఉంచే ఒక పట్టీ, అందులో ‘ఏ’ యాంటీరియరే. సుపీరియర్ అంటే తల వైపు, ఇన్ఫీరియర్ అంటే పాదాల వైపు, మంచి చెడులతో సంబంధం లేదు. చార్మినార్‌ని నిలువునా కుడి ఎడమలుగా కోస్తే సాజిటల్, నిలువునా ముందు వెనకలుగా కోస్తే కరోనల్, అడ్డంగా కోస్తే యాక్సియల్. సీటీలో యాక్సియల్ ముక్కను కింద నిలబడి పైకి చూస్తున్నట్టు, అంటే పేషెంట్ పాదాల వైపు నుంచి చూస్తారు. అందుకే కుడి పక్కన ఉండే కాలేయం అక్కడ మన ఎడమ వైపు కనిపిస్తుంది. ‘అక్యూట్’ అంటే కొత్తగా, ఉన్నట్టుండి మొదలైంది. ‘క్రానిక్’ అంటే చాలాకాలంగా ఉన్నది. ఏది ప్రమాదకరమో ఆ రెండు మాటలూ చెప్పవు. ‘అన్‌రిమార్కబుల్’ అని రాసి ఉంటే సంతోషించండి, అక్కడ తేడా ఏమీ కనిపించలేదని అర్థం.

చివరిగా ఆపరేషన్ ఉన్నవాళ్లకి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్ట్‌లో, మత్తు ఇచ్చే ముందే కోయాల్సిన చోటును గుర్తు పెట్టారా అని అడిగే అంశం ఉంది. కాబట్టి మెలకువగా ఉన్నప్పుడే సర్జన్‌ని అడగండి, ఏ మోకాలు, ఏ చెయ్యి, ఏ కిడ్నీ అని. నోటితో చెప్పించుకోండి, పెన్నుతో గీసిన గుర్తు ఆ పక్కనే ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. లేకపోతే గుర్తు పెట్టమని అడగండి, మొహమాటపడొద్దు.

మీ రిపోర్టులో అర్థంకాని మాట ఏదైనా ఉంటే ఆ మాట ఒక్కటే కింద రాయండి. పేరు, ఫోన్ నంబర్, రిపోర్ట్ ఫోటో మాత్రం పెట్టొద్దు.