తిప్పితే ‘గుడుక్’మంటున్న పాత కారు: ఫోన్-ఇన్

నిర్వాహకురాలు: నమస్కారం. కడప నుంచి మన ఫోన్-ఇన్ మొదలైంది. పాత కార్ల ముందు చక్రాల నుంచి వచ్చే శబ్దాల గురించి మీ ప్రశ్నలకు సీనియర్ మెకానిక్ ఒకరు జవాబులు చెబుతారు. రాయచోటి నుంచి మొదటి కాల్. చెప్పండి.

రాయచోటి శ్రోత: నమస్తే మేడమ్, నమస్తే అన్నా. నాది 2008 ఆల్టో. స్టీరింగ్ తిప్పితే ముందర నుంచి ‘గుడుక్’ అని సౌండు వస్తాంది. ఒక షెడ్డులో చూపిస్తే యాక్సిల్ పోయింది, రెండు పక్కలా మార్చాల అన్నారు. ఖర్చు పెట్టే ముందర మిమ్మల్ని అడుగుదామని.

మెకానిక్: మంచి పని చేసినారన్నా. ఒక్కటే గుడుకా, వరసగా టకటకటక అంటాందా?

రాయచోటి శ్రోత: ఒక్కటే. ఒక్కోసారి రెండు.

మెకానిక్: బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే?

రాయచోటి శ్రోత: అప్పుడూ వస్తాది. ఇంటికాడ రివర్స్ తీసేటప్పుడు ఇంకా బాగా వినపడతాది.

మెకానిక్: అట్లయితే యాక్సిల్ జోలికి ఇప్పుడే పోవద్దు. యాక్సిల్ అంటే ఇంజను బలాన్ని చక్రానికి అందించే కడ్డీ, దాని కొసన ఉండే కీలే సీవీ జాయింట్. అది అరిగితే లోపల గుండ్లు గాడుల్లో ఎగిరి పడతాంటాయి. చక్రం తిరుగుతా, ఇంజను బలం దాని మీద పడినప్పుడే ఆ టకటకా. బండి స్పీడు పెరిగితే అదీ పెరుగుతాది. కదలని బండిలో అది మాట్లాడదు. బండి ఇప్పుడు మీ దగ్గరే ఉండాదా?

రాయచోటి శ్రోత: ఇంటి ముందరే ఉండాదన్నా. మా పిల్లోడూ ఉండాడు.

మెకానిక్: పవర్ స్టీరింగా?

రాయచోటి శ్రోత: కాదన్నా, మామూలుదే.

మెకానిక్: అయితే ఇంజనుతో పని లేదు, ఆపే ఉంచండి. హ్యాండ్ బ్రేక్ లాగి, తాళం రోంత తిప్పి స్టీరింగ్ లాక్ తీయమనండి. మీరు బానెట్ ఎత్తండి. రెండు పక్కలా గుండ్రంగా, ఎత్తుగా ఉండే చోట షాకబ్జర్ పై కొస కనపడతాది. ఎడమ దాని మీద అరచెయ్యి ఆనించండి. పిల్లోన్ని ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పమనండి. మల్ల కుడిదీ అట్లే చూడండి.

(కొద్ది సేపు నిశ్శబ్దం. లైన్లో ‘గుడుక్’ మన్న శబ్దం.)

రాయచోటి శ్రోత: అన్నా, ఎడమ పక్క చెయ్యి కింద తన్నింది! కుడి పక్క ఏం లేదు.

మెకానిక్: ఇప్పుడు ఎడమ చక్రం వెనక స్ప్రింగ్ చూడండి. కండ్లతోనే, వేళ్ళు పెట్టొద్దు. సాఫీగా తిరుగుతాందా, ఆగి ఆగి ఎగురుతాందా?

రాయచోటి శ్రోత: ఆగి, ఒక్కసారి ఎగురుతాంది.

మెకానిక్: దొరికింది. షాకబ్జర్ పైన, దాన్ని బండి బాడీకి పట్టించే మౌంటింగ్ ఉంటాది, దాంట్లో బేరింగ్. నీళ్ళు, దుమ్ము పోయి అది పట్టేస్తే కింద చక్రం తిరుగుతాది గాని స్ప్రింగ్ పై కొస కదల్లేదు. స్ప్రింగ్ మెలిపడి మెలిపడి, ఇంగ ఓర్చుకోలేక విడిపోతాది. ఆ గుడుక్ అదే. మౌంటింగ్, బేరింగ్ మార్చితే సరిపోతాది. ఎడమది పోయిందంటే కుడిదీ అంతే వయసు, రెండూ ఒకేసారి చేయించుకోండి. పార్టు తర్వాత పార్టు మార్చి చూడడాన్ని నేను రిపేరనను. సౌండు ఎప్పుడొస్తాందో అడగకుండా పార్టు పేరు చెప్పే షెడ్డులో రోంత జాగ్రత్తగా ఉండాల.

రాయచోటి శ్రోత: నేనే విప్పి మార్చుకోవచ్చా అన్నా? స్పానర్లుండాయి.

మెకానిక్: వద్దన్నా, దయచేసి వద్దు. స్ప్రింగ్ కుదించే క్లాంపు లేకుండా పై నట్టు విప్పితే అది ఎగిరి మనిషిని కొడతాది. ప్రాణాల మీదికొస్తాది. షెడ్డులోనే చేయించి, తర్వాత చక్రాల అలైన్‌మెంట్ చూపించండి.

నిర్వాహకురాలు: అంతవరకు బండి నడపవచ్చా? రాయచోటి నుంచి కడపకు రావాలంటే గువ్వలచెరువు ఘాట్ దిగాలి కదా.

మెకానిక్: ఆ బేరింగ్ వల్ల స్టీరింగ్ బరువెక్కుతాది, తిప్పినాక తనంతట తాను సరిగా వెనక్కి రాదు. మెల్లగా షెడ్డు దాకా పోవచ్చు. గాని అన్నా, అదే పూట బాల్ జాయింట్, అంటే చక్రాన్ని కింద పట్టుకోని ఉండే కీలు, కూడా చూపించండి. గుడుక్ దాన్నుంచి కూడా రావచ్చు, ఒకే బండిలో రెండూ ఉండొచ్చు. జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకోని ఊపుతారు. ఆడితే, ఒకరిని బ్రేక్ తొక్కమని మల్ల ఊపాల. ఆ ఆట, అంటే వదులు, పోయిందంటే వీల్ బేరింగ్ అరిగినట్టు. అప్పుడూ ఉండాదంటే బాల్ జాయింటే అనుకోవాల. ఆ జాయింట్ ఊడితే చక్రం పక్కకు ఒరిగి బండి కూలబడతాది, స్టీరింగ్ మన చేతిలో ఉండదు. ఆట కనపడితే ఘాట్ వైపు పోవద్దు, ఆ రోజుకు బస్సులో రండి.

రాయచోటి శ్రోత: సరేనన్నా, ఈరోజే చూపిస్తా. చాలా థ్యాంక్స్.

నిర్వాహకురాలు: ప్రొద్దుటూరు నుంచి ఇంకొకరు ఉన్నారు. చెప్పండమ్మా.

ప్రొద్దుటూరు శ్రోత: నమస్తే అన్నా. మాది శాంట్రో, పాతది. మాకు గుడుక్ కాదు, మీరు ఇందాక చెప్పిన టకటకటక. ఎడమకు యూటర్న్ తిప్పి యాక్సిలేటర్ ఇస్తే వస్తాంది. నిలబెట్టి తిప్పితే రాదు.

మెకానిక్: మీదైతే సీవీ జాయింటేనమ్మా. స్టీరింగ్ ఫుల్‌గా తిప్పి పెట్టి, ఇంజను ఆపి, చక్రం వెనక టార్చ్ కొట్టి చూడండి. జాయింట్ మీద మడతలు మడతలుగా రబ్బర్ బూట్, అంటే తొడుగు, ఉంటాది.

ప్రొద్దుటూరు శ్రోత: మా ఆయన చూసినాడన్నా. చీలింది. రిమ్ము లోపలంతా నల్లగా గ్రీజు.

మెకానిక్: అదే. ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీలు దాటుతాది, ఏండ్లు గడిచేకొద్దీ రబ్బర్ పగులుతాది. గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. సౌండు రాకముందే చీలిక కనపడింటే బూట్, గ్రీజు మార్చితే చాలా సార్లు జాయింట్ బతికేది. సౌండు మొదలైనాక గ్రీజు నింపినా ఆ అరుగుడు పోదు, జాయింట్ మార్చాల్సిందే.

ప్రొద్దుటూరు శ్రోత: రెండు పక్కలా మార్చాల్నా?

మెకానిక్: అవసరం లేదమ్మా. ఎడమకు తిప్పినప్పుడు వస్తాందంటే ఎక్కువగా కుడి చక్రం దగ్గరిదే అయ్యుంటాది. మొదట దాన్ని విప్పి చూడమనండి. ఎడమ పక్క బూట్ చీలకుండా ఉంటే దాన్ని ముట్టుకోనియ్యొద్దు.