మేక్ ఎవరి భాషలో మాట్లాడుతుంది?

అధ్యక్షుల వారికి, పెద్దలకు, పర్లాకిమిడి పిల్లలకు నమస్కారం. ఆగస్టు 29న, అదీ గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో, కంప్యూటర్ గురించి మాట్లాడమన్నారు. పదిహేను నిమిషాలిచ్చారు. శాలువాలకే ఆరు అయిపోయాయి.

మేక్ అని ఒక ప్రోగ్రాం ఉంది. నవ్వకండి, మేక కాదు, మేక్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. ఏ ఫైలు మారిందో చూసుకుని, దాని మీద ఆధారపడ్డవాటినే మళ్లీ తయారు చేయిస్తుంది. ఆ పని తను చేయదు. మేక్‌ఫైల్ అనే ఫైల్లో మనం రాసిన ఆదేశాలను షెల్‌కి, అంటే ఆదేశాలు చదివి అమలు చేసే ప్రోగ్రాంకి, అప్పజెబుతుంది. ఏ షెల్‌కి? అదే నా గొడవ.

టెర్మినల్లో, అంటే ఆదేశాలు టైపు చేసే చోట, మనం బ్యాష్ అనే షెల్ వాడుతున్నాం కదా, మేక్ కూడా అదే వాడుతుందనుకుంటాం. వాడదు. లైనక్స్‌లో మీ లాగిన్ షెల్ ఏమిటని అడగనైనా అడగదు. నేరుగా స్లాష్ బిన్ స్లాష్ ఎస్‌హెచ్ దగ్గరికి పోతుంది. ఆ పేరు వెనక ఏ షెల్ ఉంటే అదే.

మా నాన్నగారు ఒకసారి భూమి కాగితం కోసం తెలుగులో అర్జీ రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్లారు. ఇంట్లో తెలుగు, సంతలో తెలుగు, కౌంటర్ దగ్గర ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఊరు ఒడిశాలోకి వెళ్లింది గానీ మా నాన్నగారి కలం వెళ్లలేదు. గుమస్తా కాగితం అటూ ఇటూ తిప్పి వెనక్కి తోశాడు. మూడుసార్లు తిరిగారండీ! చివరికి డబ్బులిచ్చి ఒడియాలో రాయించుకున్నారు. ఆ కోపం నాకింకా ఉంది. సరే, ఆ గుమస్తా కనీసం వెనక్కిచ్చాడు. నాకు అదీ జరగలేదు.

నా ల్యాప్‌టాప్‌లో ఫెడోరా అనే లైనక్స్. అక్కడ ఎస్‌హెచ్ అంటే బ్యాషే. సర్వర్లో ఉబుంటు అనే ఇంకో లైనక్స్. 2006 నుంచి అక్కడ ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే వేరే షెల్. మేక్‌ఫైల్లో 'ఇఫ్' పక్కన జంట చదరపు బ్రాకెట్లతో షరతు రాశాను: కస్టమర్‌కి పంపే రిలీజ్ అయితే ఇలా, కాకపోతే అలా. డ్యాష్‌కి జంట బ్రాకెట్లు రావు. 'నాట్ ఫౌండ్' అని ఒక లైను గొణిగింది. ఆగిందా? లేదు! షరతు తప్పని లెక్కేసుకుని 'కాకపోతే' దారిన పోయి, బిల్డ్ అయిపోయిందంది. వందల లైన్ల మధ్య ఆ గొణుగుడు ఎవరికి కనిపిస్తుంది? తప్పులు వెతుక్కోడానికి మేం వాడుకునే డీబగ్ బిల్డ్ కస్టమర్‌కి వెళ్లింది. రాత్రి రెండింటి దాకా టెన్షన్.

మందు ఒక్క లైను. మేక్‌ఫైల్ పైన పెద్దక్షరాల్లో షెల్ అని రాసి, సమానం పెట్టి, స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్ అనండి. అదే పేరుతో ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే టెర్మినల్ సెట్టింగుల్లో, పెట్టి ఊరుకుంటే మేక్ పట్టించుకోదు. బ్యాష్ లేని మెషీన్లూ ఉంటాయి కాబట్టి, ఒంటి బ్రాకెట్లతో డ్యాష్‌కి అర్థమయ్యేలా రాయడమే నాకిష్టం. గిడుగు వారు సవర గిరిజనుల దగ్గరికి వాళ్ల సవర భాష నేర్చుకునే వెళ్లారు కదా.

అధ్యక్షా, చీటీ అందింది, ఒక్క నిమిషం. ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు తెరవండి. లైనక్స్ ఉంటే ఎల్‌ఎస్, హైఫన్ ఎల్, స్లాష్ బిన్ స్లాష్ ఎస్‌హెచ్ కొట్టండి. బాణం గుర్తు దేన్ని చూపిస్తోంది? మూడో వరసలో అమ్మా, గట్టిగా చెప్పు.